ఐర్లాండ్‌లో చదువు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, యూరప్ ప్రయాణాలు: మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, వరంగల్ నుంచి ఏటా ఎంతోమంది మాస్టర్స్ కోసం ఐర్లాండ్ వస్తున్నారు. వచ్చే ముందు ఫోన్‌లో, వచ్చాక వాట్సాప్ గ్రూపుల్లో దాదాపు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటికి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇక్కడ నిబంధనలు మారుతూ ఉంటాయి. అందుకని ఫీజు కట్టేముందు, టికెట్ కొనేముందు ఐర్లాండ్ ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఫ్రెండ్ చెప్పిన మాటైనా, కన్సల్టెన్సీ చెప్పిన మాటైనా, నేను రాసిన మాటైనా ఆ వెబ్‌సైట్ తర్వాతే.

వచ్చేముందు

ఇండియన్ పాస్‌పోర్టుతో ఐర్లాండ్‌కి వర్కింగ్ హాలిడే వీసా దొరుకుతుందా?

దొరకదు. కొంతకాలం పని చేసుకుంటూ దేశం తిరిగి చూసే ఆ ఏర్పాటు ఐర్లాండ్‌కి కొన్ని దేశాలతోనే ఉంది: ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, అమెరికా, అర్జెంటీనా, చిలీ, జపాన్, దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్. ఆ జాబితాలో ఇండియా లేదు. "ఐర్లాండ్ వర్క్ అండ్ ట్రావెల్ వీసా ఇప్పిస్తాం" అని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మెల్‌బోర్న్‌లోనో టొరంటోలోనో పుట్టి పెరిగి, అక్కడి పాస్‌పోర్టు ఉన్న మన తెలుగు పిల్లలకి మాత్రం ఈ దారి తెరిచే ఉంది. ఇక్కడ చూసేది పాస్‌పోర్టునే, అమ్మానాన్నల ఊరిని కాదు.

ఇండియన్లకి బ్రిటన్‌లో యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్, ఆస్ట్రేలియాలో వర్క్ అండ్ హాలిడే వీసా ఉన్నాయి. రెండూ లాటరీ పద్ధతిలో ఇచ్చేవే. వాటికీ ఐర్లాండ్‌కీ సంబంధం లేదు. మనవాళ్లు మామూలుగా ఐర్లాండ్‌కి వచ్చే దారులు రెండు. ఒకటి స్టూడెంట్‌గా రావడం, రెండోది ఇండియాలో ఉండగానే ఇక్కడి కంపెనీలో ఉద్యోగం సంపాదించి ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ మీద రావడం. ఈ పేజీలో ఎక్కువగా మొదటి దారి గురించే ఉంటుంది.

పార్ట్‌టైమ్ జీతంతో లోన్ కట్టేయొచ్చని చెప్పారు. నిజమేనా?

కాదు. ఈ ఒక్క మాట నమ్మి వచ్చి కష్టాల్లో పడ్డవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

2026 జనవరి 1 నుంచి ఐర్లాండ్‌లో కనీస వేతనం గంటకి 14.15 యూరోలు. చదువు రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. అంటే వారానికి 283 యూరోలు, నెలకి సుమారు 1,225. డబ్లిన్‌లో షేరింగ్ రూమ్ అద్దె, సరుకులు, ఫోన్, బస్సు ఖర్చులు పోను ఇందులో మిగిలేది చాలా తక్కువ. ఆ మిగిలేది కూడా ఉద్యోగం దొరికిన రోజు నుంచే. కొందరికి వచ్చిన రెండో వారంలో పని దొరుకుతుంది, కొందరికి సంక్రాంతి దాటినా దొరకదు. దొరికినా వారానికి 20 గంటలూ ఇస్తారని లేదు, 12 గంటలు, 15 గంటలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

అందుకే పార్ట్‌టైమ్ ఆదాయాన్ని రోజువారీ ఖర్చుకి ఆసరాగా మాత్రమే చూడండి. ఫీజు, కనీసం మొదటి ఆరు నెలల అద్దె ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని రండి. వీసాకి మొదటి ఏడాది ఖర్చు కింద 10,000 యూరోలు చూపించమనడం ఏదో లాంఛనం కోసం కాదు, ఇక్కడ బతకడానికి నిజంగానే అంత అవుతుంది. ఎవరి దగ్గరో పది రోజులకి డబ్బు తెచ్చి బ్యాంకు బ్యాలెన్స్ చూపించి వస్తే, ఇక్కడ దిగిన నెలకే టెన్షన్ మొదలవుతుంది.

పని

సరిగ్గా ఎన్ని గంటలు చేయొచ్చు? సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చా?

ఇమిగ్రేషన్‌లో రిజిస్టర్ చేయించుకుని, ఐఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి కార్డు) మీద స్టాంప్ 2, అంటే పని చేసుకునే వీలున్న స్టూడెంట్ అనుమతి, వచ్చినవాళ్లకి మామూలు రోజుల్లో వారానికి 20 గంటలు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, డిసెంబరు 15 నుంచి జనవరి 15 వరకు వారానికి 40 గంటలు. స్టాంప్ 2ఏ ఉన్నవాళ్లకి పని చేసే హక్కే లేదు. కార్డు చేతికి రాగానే దాని మీద ఏం రాసి ఉందో చదువుకోండి.

ఎక్కువమంది పొరబడేది తేదీల దగ్గర. ఇవి ప్రభుత్వం పెట్టిన తేదీలు, మీ కాలేజీ సెలవులతో వీటికి సంబంధం లేదు. రీడింగ్ వీక్‌లో క్లాసులు లేకపోయినా 20 గంటలే. ఈస్టర్ సెలవుల్లోనూ 20 గంటలే. మే రెండో వారంలో పరీక్షలు అయిపోయినా జూన్ 1 వచ్చేదాకా 20 గంటలే. "కాలేజీ లేదుగా, ఇంకో రెండు షిఫ్టులు చెయ్" అని మేనేజర్ అడుగుతాడు. అతను అడగడంలో తప్పు లేదు, అతనికి మీ స్టాంప్ నిబంధనలు తెలియకపోవచ్చు. వద్దని చెప్పాల్సింది మీరే.

వేసవిలో 40 గంటలు ఉన్నాయి కదా అని పూర్తిగా పనిలోకి దిగేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏడాది మాస్టర్స్‌లో డిసర్టేషన్ రాయాల్సింది ఆ నెలల్లోనే. స్టే బ్యాక్ (చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకునే అనుమతి) రావాలన్నా, తర్వాత మంచి ఉద్యోగం రావాలన్నా ఆ డిగ్రీ చేతికి రావాలి. జూన్, జూలైలో నాలుగు వేల యూరోలు సంపాదించి డిసర్టేషన్ ఫెయిలైతే వచ్చే నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ.

రెండు చోట్ల పని చేస్తే చెరో 20 గంటలా?

కాదు, అన్నీ కలిపి 20. టెస్కో సూపర్‌మార్కెట్‌లో 12 గంటలు చేస్తే కేఫ్‌లో చేయగలిగేది 8 గంటలే. రెండు ఉద్యోగాలూ రెవెన్యూలో, అంటే ఇక్కడి పన్నుల శాఖలో, మీ ఒక్క పీపీఎస్ నంబరు (ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కిందే నమోదవుతాయి. ఎవరికీ తెలియదులే అనుకోవద్దు.

మిగతా గంటలకి చేతికి క్యాష్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. క్యాష్ మీద పని చేసినంత కాలం మీరు అక్కడ పని చేసినట్టు ఎక్కడా రుజువుండదు. జీతం ఎగ్గొట్టినా, చేయి కాలినా, నోటీసు లేకుండా తీసేసినా గట్టిగా అడగడానికి ఆధారం దొరకదు. పైగా 20 గంటలు దాటిన సంగతి ఆ యజమానికి తెలుసు కాబట్టి గంటకి ఏడెనిమిది యూరోలే ఇచ్చినా మీరు నోరెత్తలేరని అతని ధీమా. మనవాళ్లు నడిపే కొన్ని చోట్ల కూడా ఇలాగే జరుగుతోంది. మన భాష మాట్లాడాడని, మన జిల్లా అని నమ్మి కాంట్రాక్టు లేకుండా చేరకండి.

ఫుడ్ డెలివరీ చేయొచ్చా? సీనియర్ అకౌంట్ అద్దెకి ఇస్తానంటున్నాడు.

చేయకూడదు. డెలివరీ ఆప్‌లలో రైడర్‌ని చాలావరకు స్వయం ఉపాధి కింద చూస్తారు. స్టాంప్ 2 మీద స్వయం ఉపాధి నిషిద్ధం. అందుకే ఈ అకౌంట్ అద్దె వ్యాపారం పుట్టింది. వారం వారం అద్దె కట్టాలి, డబ్బు వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది, వాళ్లు ఇస్తేనే మీకు వస్తుంది. వానలో, రాత్రిపూట, చీకటి వీధుల్లో సైకిల్ మీద తిరగాలి. కిందపడి దెబ్బ తగిలితే ఆ ఆప్ లెక్కలో అక్కడ పని చేస్తున్నది మీరే కాదు. ఈ పనిలో దాడులకి గురైన కుర్రాళ్లున్నారు. ఎంత అవసరం ఉన్నా ఇది మాత్రం వద్దని బతిమాలి చెబుతున్నాను.

మరి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? ఎలా వెతకాలి?

సూపర్‌మార్కెట్లు, హోటళ్లు, కేఫ్‌లు, పెట్రోలు బంకుల దగ్గరి షాపులు, గిడ్డంగులు, నర్సింగ్ హోమ్‌లు. సీవీ ఒకటి రెండు పేజీలు చాలు. ఫోటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా అన్నవి ఇక్కడ రాయరు. స్టాంప్ 2 ఉందని, ఏ రోజుల్లో ఏ వేళల్లో ఖాళీగా ఉంటారో పైనే రాయండి. షాపువాళ్లు మొదట చూసేది దాన్నే. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తూనే, మధ్యాహ్నం రద్దీ లేని వేళ కేఫ్‌లోకి వెళ్లి మేనేజర్‌ని అడిగి సీవీ చేతికివ్వండి. ఇక్కడ ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది, దానికి ఎవరూ చిన్నచూపు చూడరు.

కొన్ని పనులకి ముందే సర్టిఫికెట్ కావాలి. సెక్యూరిటీ గార్డు పనికి పీఎస్‌ఏ లైసెన్సు, నిర్మాణ స్థలంలో పనికి సేఫ్ పాస్, వృద్ధుల సంరక్షణకి గార్డా వెట్టింగ్, అంటే పోలీసు తనిఖీ. నర్సింగ్ హోమ్‌లు చాలావరకు హెల్త్‌కేర్ కోర్సు కూడా అడుగుతాయి. బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివి వచ్చినవాళ్లు ఆ పనిలో త్వరగా కుదురుకుంటారు.

డబ్లిన్ ఒక్కటే ఐర్లాండ్ కాదు. కార్క్, గాల్వే, లిమరిక్, వాటర్‌ఫర్డ్‌లలో కూడా మంచి యూనివర్సిటీలున్నాయి, అద్దెలు కొంత తక్కువ. వేసవిలో టూరిస్టులతో గాల్వే, కిలార్నీ హోటళ్లకి మనుషులు చాలరు. కాకపోతే చిన్న ఊళ్లలో రాత్రి షిఫ్టు అయ్యాక బస్సులుండవు. గది తీసుకునేముందు ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకోండి.

మొదటి జీతంలో దాదాపు సగం కోసేశారు. ఎందుకు?

అది ఎమర్జెన్సీ టాక్స్. భయపడకండి, వెనక్కి వస్తుంది. పీపీఎస్ నంబరు ఇవ్వకుండా పనిలో చేరితే మొదటి వారం నుంచే 40 శాతం పన్ను, దానితోపాటు యూఎస్‌సీ అనే ఇంకో పన్ను 8 శాతం కోస్తారు. నంబరు ఇచ్చి, ఉద్యోగాన్ని రెవెన్యూలో నమోదు చేయకపోతే మొదటి నాలుగు వారాలు 20 శాతం, ఆ తర్వాత 40 శాతం.

సరైన వరస ఇది. ఆఫర్ లెటర్ రాగానే, చిరునామా రుజువు పెట్టి మైవెల్ఫేర్ వెబ్‌సైట్‌లో పీపీఎస్ నంబరుకి దరఖాస్తు చేయండి. ఊరికే అడిగితే ఇవ్వరు, ఎందుకు కావాలో చూపించాలి. అందుకే ఆఫర్ లెటర్ అవసరం. నంబరు వచ్చాక రెవెన్యూ వెబ్‌సైట్‌లో మై అకౌంట్ తెరిచి, అందులో "జాబ్స్ అండ్ పెన్షన్స్" దగ్గర మీ కంపెనీని చేర్చండి. ఆ కంపెనీ నంబరు మీ పేస్లిప్ మీదో కాంట్రాక్టు మీదో ఉంటుంది, లేకపోతే హెచ్‌ఆర్‌ని అడగండి. సాధారణంగా తర్వాతి జీతంతో కోసిన డబ్బు కలిపి వేస్తారు.

అసలు పన్ను స్టూడెంట్లకి పెద్దగా పడదు. ఒంటరిగా ఉండి జీతం తీసుకునేవాళ్లకి ఏడాదికి సుమారు 20,000 యూరోల దాకా ఇన్‌కమ్ టాక్స్ ఉండదు. ఏడాది ఆదాయం 13,000 లోపైతే యూఎస్‌సీ కూడా ఉండదు. ఎక్కువ కట్టి ఉంటే నాలుగేళ్ల వరకు వెనక్కి అడగొచ్చు. ఇండియా వెళ్లిపోయాక కూడా.

పని దగ్గర నాకు ఏ హక్కులున్నాయి? స్టూడెంట్‌ని కదా, అడగొచ్చా?

అడగొచ్చు. పార్ట్‌టైమ్ అయినా, ఏ దేశం నుంచి వచ్చినా చట్టం ఒక్కటే. చేరిన అయిదు రోజుల్లో ముఖ్యమైన షరతులు రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రతి జీతానికీ పేస్లిప్ ఇవ్వాలి. నాలుగున్నర గంటలు దాటితే పావుగంట, ఆరు గంటలు దాటితే అరగంట విరామం. చేసిన గంటల్లో 8 శాతం పెయిడ్ లీవ్‌గా పోగవుతుంది. మానేసేటప్పుడు మిగిలిన లీవ్‌కి డబ్బు ఇవ్వాలి. ఇది అడగకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. ముందటి అయిదు వారాల్లో కలిపి 40 గంటలు చేసి ఉంటే ప్రభుత్వ సెలవు రోజు ప్రయోజనం కూడా వస్తుంది. కస్టమర్లు ఇచ్చే టిప్పుల మీద 2022 డిసెంబరు నుంచి ప్రత్యేక చట్టం ఉంది, వాటిని కనీస వేతనంలో కలిపి చూపించకూడదు.

20 ఏళ్లు నిండనివాళ్లకి కనీస వేతనం తక్కువ: 19 ఏళ్లకి 90 శాతం, 18 ఏళ్లకి 80 శాతం. బీటెక్ అయ్యాక వచ్చేవాళ్లకి ఇది వర్తించదు. ఇంటర్ అవగానే డిగ్రీకి వచ్చినవాళ్లు తెలుసుకుని ఉండాలి.

గొడవ వస్తే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కి ఆరు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మీరు ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు చేశారో ఫోన్‌లో రాసిపెట్టుకుంటే చాలు, అదే పెద్ద ఆధారం. రోస్టర్ గోడకి అంటిస్తే వారం వారం ఫోటో తీసి ఉంచుకోండి.

గది ఇండియా నుంచే బుక్ చేసుకుని డబ్బు పంపొచ్చా?

యూనివర్సిటీ హాస్టల్ అయితే పంపండి. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో దొరికిన గదికి మాత్రం చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. "నేను ఊళ్లో లేను, డిపాజిట్ వేస్తే తాళం కొరియర్ చేస్తాను" అన్నారంటే అది మోసమే. మామూలు అద్దె ఒప్పందంలో డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు, దానికితోడు ఒక నెల అడ్వాన్స్ అద్దె. మొదటి రెండు మూడు వారాలు హాస్టల్‌లోనో తెలిసినవాళ్ల దగ్గరో ఉండి, గది కళ్లారా చూసి తీసుకోండి. ఓనర్ ఉండే ఇంట్లోనే ఒక గది తీసుకుంటే మామూలు కిరాయిదారుకి ఉండే రక్షణలు మీకు ఉండవు. తీసుకోవద్దనడం లేదు, తెలిసి తీసుకోండి.

ప్రయాణాలు

ఐఆర్‌పీ కార్డుతో ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ వెళ్లొచ్చా?

వీసా లేకుండా వెళ్లలేరు. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. కాబట్టి షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీసు చార్జీ అదనం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. అన్ని దేశాల్లో సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి.

ఐఆర్‌పీ గడువు మీరు తిరిగొచ్చాక కనీసం మూడు నెలలు ఉండాలని చూస్తారు. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. కోర్సు ఆగస్టులో అయిపోతుంది, కార్డు సెప్టెంబరులో ముగుస్తుంది, వాళ్లేమో జూలైలో పారిస్ వెళదామని ప్లాన్ చేస్తారు. అలాంటప్పుడు వీసా రావడం కష్టం. మొదటి ఏడాది క్రిస్మస్ సెలవులకో ఈస్టర్‌కో వెళ్లడం మంచిది, లేకపోతే స్టే బ్యాక్ కార్డు వచ్చాక.

కాగితాలు: కాలేజీ లెటర్, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, పేస్లిప్పులు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు, హోటల్, టికెట్ బుకింగులు. డబ్లిన్‌లో వేసవి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. అపాయింట్‌మెంట్ ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారుల దగ్గరికి పోకండి. పొద్దున్నే వెబ్‌సైట్ చూస్తూ ఉంటే రద్దయినవి దొరుకుతాయి.

లోన్ డబ్బుతో యూరప్ ట్రిప్పులు మాత్రం వద్దు. అప్పు చేసి పప్పు కూడు అవుతుంది. సంపాదించిన దాంట్లో మిగిల్చుకుని వెళ్లండి.

బెల్‌ఫాస్ట్‌కి బస్సులో వెళ్లిపోవచ్చు కదా, సరిహద్దులో చెకింగ్ ఉండదంటారు?

ఇది ప్రతి ఒక్కరూ చదవాల్సిన జవాబు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. ఐరిష్, బ్రిటిష్ పౌరులు అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగొచ్చు, మనకి ఆ వెసులుబాటు లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి బ్రిటన్ వీసా ఉండాల్సిందే. రోడ్డు మీద గేటు, గోడ, పోలీసు ఎవరూ కనిపించరు. వేగ పరిమితి బోర్డుల్లో కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తాయి, అంతే. కానీ వీసా లేకుండా ఆ బోర్డు దాటారంటే చట్టవిరుద్ధంగా వేరే దేశంలోకి అడుగుపెట్టినట్టే. రెండు వైపులా బస్సులు, రైళ్లలో అప్పుడప్పుడు తనిఖీలు జరుగుతాయి. పట్టుబడితే ఆ రికార్డు తర్వాత అడిగే ప్రతి వీసాకీ అడ్డొస్తుంది.

ఉత్తర ఐర్లాండ్‌లోని జెయింట్స్ కాజ్‌వే చూపిస్తామని డబ్లిన్ నుంచి రోజూ టూర్ బస్సులు వెళతాయి. టికెట్ అమ్మేవాళ్లు మీ వీసా సంగతి చూడరు, అది ప్రయాణికుడి బాధ్యత. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డబ్లిన్ నుంచి డనిగాల్ జిల్లా లెటర్‌కెనీకి వెళ్లే 32వ నంబరు బస్సు ఓమా, స్ట్రబేన్ మీదుగా, అంటే ఉత్తర ఐర్లాండ్ లోంచే వెళుతుంది. బయల్దేరేదీ చేరేదీ ఐర్లాండ్‌లోనే అయినా దారి మాత్రం బ్రిటన్‌ది. లెటర్‌కెనీలో చదివే పిల్లలు డబ్లిన్ నుంచి స్లైగో మీదుగా వెళితే ఈ చిక్కు లేదు, కాస్త చుట్టే అయినా.

బ్రిటిష్ ఐరిష్ వీసా స్కీమ్ అని ఒకటి ఉంది కదా అంటారు. అది ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకి, వీసా మీద ఆ ముద్ర ఉంటేనే. ఐఆర్‌పీ కార్డుకి వర్తించదు. మీ అమ్మానాన్నలు మిమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్లకి పనికొస్తుంది.

సెలవులకి ఇండియా వెళ్లి రావడానికి మళ్లీ వీసా కావాలా?

అక్కర్లేదు. 2019 మే నుంచి గడువున్న ఐఆర్‌పీ కార్డు ఉంటే చాలు. కార్డు గడువు దగ్గర పడితే ముందు రెన్యూ చేయించుకుని తర్వాతే టికెట్ కొనండి. రెన్యూవల్ ఆన్‌లైన్‌లో, ఫీజు 300 యూరోలు, రావడానికి వారాలు పట్టొచ్చు. ఇండియా నుంచి డబ్లిన్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్, అబుదాబి, దోహా, ఇస్తాంబుల్ మీదుగా వస్తే ట్రాన్సిట్ చిక్కులు తక్కువ. క్రిస్మస్ రోజు డబ్లిన్ విమానాశ్రయం మూసే ఉంటుంది, బస్సులు రైళ్లు కూడా నడవవు.

తక్కువ ఖర్చులో ఎలా తిరగాలి?

19 నుంచి 25 ఏళ్ల వాళ్లు యంగ్ అడల్ట్ లీప్ కార్డు, ఆపై వయసు స్టూడెంట్లు స్టూడెంట్ లీప్ కార్డు తీసుకోండి. డబ్లిన్‌లో బస్సు, లువాస్ ట్రాము, డార్ట్ రైలు కలిపి 90 నిమిషాలకి ఒక్క యూరో. హౌత్‌లో సముద్రపు గట్టు మీద నడక, డన్ లేరీ రేవు, ఫీనిక్స్ పార్కులో జింకలు, ఇవన్నీ ఆ టికెట్టుతోనే. గాల్వే దాకా కోచ్‌లో వెళ్లి అక్కణ్నుంచి మోహర్ కొండగట్టు, అరాన్ దీవులు చూడొచ్చు. జూలైలో వెళ్లినా వాన కోటు పట్టుకెళ్లండి. అక్కడి గాలికి గొడుగు నిలవదు.

షెంగెన్ వీసా ఉంటే ఇంటర్‌రెయిల్ పాసు చూడండి. యూరప్‌లో నివాసం ఉన్నవాళ్లకే అమ్ముతారు, ఐర్లాండ్‌లో ఉంటున్న మీరూ కొనొచ్చు, 27 ఏళ్ల దాకా యువత రేటు. డబ్లిన్ నుంచి ఫ్రాన్స్‌లోని షెర్‌బోర్గ్‌కి నేరుగా ఓడ ఉంది, బ్రిటన్ తాకకుండా రాత్రి ప్రయాణంతో చేరిపోవచ్చు. చౌక విమానాల్లో యూరోపియన్లు కానివాళ్లు ముందు కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు, వీసా చూపించి తనిఖీ చేయించుకోవాలి. లగేజీ లేదు కదా అని నేరుగా గేటుకి పోతే వెనక్కి పంపుతారు.

ఇండియన్ డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుందా?

ఇక్కడ స్థిరంగా ఉంటూ దాన్ని ఐరిష్ లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, 12 పాఠాలు, డ్రైవింగ్ టెస్టు అన్నీ మొదటి నుంచీ చేయాలి. టెస్టు తేదీకి ఎదురుచూపులు ఎక్కువ కాబట్టి కారు అవసరం రాకముందే మొదలుపెట్టండి.

చదువయ్యాక

స్టే బ్యాక్ ఎంతకాలం? ఆ తర్వాత?

డిగ్రీకి, అంటే లెవెల్ 8కి 12 నెలలు. మాస్టర్స్‌కి, అంటే లెవెల్ 9కి 24 నెలలు. దీన్నే స్టాంప్ 1జీ అంటారు. మాస్టర్స్ వాళ్లకి కూడా మొదట 12 నెలలే ఇచ్చి తర్వాత రెన్యూ చేస్తారు. ఇందులో వారానికి 40 గంటలు ఫుల్‌టైమ్ చేయొచ్చు, సొంత వ్యాపారం కుదరదు. ఫలితాలు వచ్చిన ఆరు నెలల్లో, స్టాంప్ 2 గడువు ఉండగానే దరఖాస్తు చేయాలి.

ఆ రెండేళ్లలో ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ ఇచ్చే ఉద్యోగం వెతుక్కోవాలి. ఐటీ, ఇంజినీరింగ్, హెల్త్‌కేర్ వాళ్లు ఎక్కువగా కోరుకునేది క్రిటికల్ స్కిల్స్ పర్మిట్. దీనికి జీతం పరిమితి ఉంది. 2024 జనవరిలో ఏడాదికి 38,000 యూరోలకి పెంచారు, దాన్ని ఇంకా పైకి జరుపుతున్నారు, అప్లై చేసే రోజు అమల్లో ఉన్న అంకె చూడాలి. 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త చట్టం ప్రకారం తొమ్మిది నెలల తర్వాత ఉద్యోగం మారే వీలుంది. స్టే బ్యాక్ మొదటి ఏడాది సూపర్‌మార్కెట్‌లోనే ఫుల్‌టైమ్ చేస్తూ గడిపేసి, రెండో ఏడాది హడావుడి పడేవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది. డిసర్టేషన్ రాస్తున్నప్పుడే మీ రంగంలో అప్లికేషన్లు మొదలుపెట్టండి.

పౌరసత్వానికి చదువుకున్న ఏళ్లు లెక్కలోకి రావు. స్టాంప్ 2 కాలాన్ని అందులో కలపరు.

మా అమ్మాయిని పంపాలంటే భయంగా ఉంది. అక్కడ క్షేమమేనా?

మీ భయం అర్థమవుతుంది. 2025 వేసవిలో డబ్లిన్‌లో ఇండియన్ల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 1న ఇండియన్ ఎంబసీ, నిర్మానుష్య ప్రాంతాల్లో వేళ కాని వేళ తిరగొద్దని సలహా జారీ చేసింది. అలా జరగలేదని చెప్పను. అదే సమయంలో ఇండియన్లకి అండగా నిలిచిన ఐరిష్ ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. ఎక్కువమంది మన పిల్లలు ఇక్కడ మామూలుగా, ప్రశాంతంగా చదువుకుంటున్నారు.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గది ఎంచుకునేటప్పుడు అద్దె ఒక్కటే కాకుండా బస్‌స్టాప్ నుంచి ఎంత నడవాలో చూడండి. రాత్రి షిఫ్టు అయితే వెంట ఎవరైనా ఉండేలా చూసుకోండి. ఏదైనా జరిగితే 999 లేదా 112కి ఫోన్ చేయాలి, తర్వాత గార్డా స్టేషన్‌లో ఫిర్యాదు తప్పకుండా రాయించాలి. "వీసాకి ఇబ్బంది అవుతుందేమో" అని చాలామంది ఫిర్యాదు చేయరు. బాధితుడిగా ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమీ కాదు. ఇంట్లో చెబితే బాధపడతారని దాచే పిల్లలూ ఉన్నారు. తల్లిదండ్రులు ఫోన్‌లో తిన్నావా, పడుకున్నావా అని అడగడంతోపాటు షిఫ్టు ఎన్నింటికి అయిపోయింది, ఎలా వచ్చావు అని కూడా అడుగుతూ ఉండండి.

మేం ఇక్కడే స్థిరపడ్డాం, మా అబ్బాయికి ఐరిష్ పాస్‌పోర్టు ఉంది. వాడి క్లాసువాళ్లంతా ఆస్ట్రేలియా అంటున్నారు. పంపొచ్చా?

నిశ్చింతగా పంపొచ్చు. ఐరిష్ యువత కాలేజీ అవగానే ఒకటి రెండేళ్లు బయటి దేశంలో పని చేసి రావడం ఇక్కడ తరతరాలుగా ఉన్నదే, చదువు చెడిపోయిందని కాదు. ఐరిష్ పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే వీసాకి 35 ఏళ్ల దాకా అప్లై చేయొచ్చు. పొలాల్లోనో నిర్దేశించిన ఇతర రంగాల్లోనో తగినన్ని రోజులు పని చేస్తే రెండో ఏడాది, మూడో ఏడాది కూడా దొరుకుతుంది. కెనడాకి 18 నుంచి 35 ఏళ్లవాళ్లకి రెండేళ్ల వీసా, న్యూజీలాండ్‌కి 30 ఏళ్ల దాకా ఉంది. ఇంకా కాలేజీలో ఉంటే అమెరికాకి జే1 వీసా మీద వేసవి నాలుగు నెలలు వెళ్లి పని చేసి రావచ్చు.

పిల్లాడు ఐర్లాండ్‌లో పుట్టినంత మాత్రాన ఐరిష్ పౌరుడు అయిపోడు. 2005 జనవరి నుంచి చట్టం మారింది. పుట్టే ముందు నాలుగేళ్లలో మూడేళ్లు తల్లిదండ్రుల్లో ఒకరికి లెక్కలోకి వచ్చే నివాసం ఉండాలి, స్టూడెంట్‌గా ఉన్న కాలం ఇక్కడ కూడా కలవదు. కాబట్టి వాడి దగ్గర నిజంగా ఐరిష్ పాస్‌పోర్టే ఉందా, ఇండియన్ పాస్‌పోర్టు మీద ఐఆర్‌పీ కార్డు మాత్రమే ఉందా అన్నది ముందు చూసుకుని, తర్వాత వీసా ఫీజు కట్టండి.